పొగ పోయిన కుంపటి

మావాడు చనిపోయిన పొద్దున వాడి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పెదవులు కూడా. బతికున్నప్పుడు వాడికి అంత రంగు ఎప్పుడూ లేదు. మా ఆవిడ వాడి గడ్డం పట్టుకుని చూసి, ఇంత నిండుగా ఉన్న మనిషి ఊరికే ఎలా పోతాడు అంది. ఆ మాట దగ్గరే అంతా మొదలైంది.

మాది ఇస్త్రీ కొట్టు. వీధిలోకి షట్టరు, లోపల రెండు బల్లలు, వెనక గోడకి అరలు. కిటికీ లేదు. ఇల్లు వెనక సందులో ఉంది. వానలు పట్టుకుని వదలడం లేదు. హోటలువాళ్ళ దుప్పట్లు ఎంతకీ ఆరకపోతే కొట్టులోనే అడ్డంగా తాళ్ళు కట్టి ఆరేశాం. వాటిని తిప్పి వేస్తూ ఉండాలని మావాడు ఇంటికి రాకుండా కొట్టులోనే పడుకున్నాడు. కోడలు వెళ్ళి గ్లాసుతో పాలు ఇచ్చి వచ్చింది. అంతకు ముందే వాళ్ళిద్దరికీ మాటా మాటా అయింది. వేరే ఇల్లు చూసుకుందామని ఆ అమ్మాయి, ఇప్పుడెక్కడి ఇల్లు అని వాడు. వీధిలో సగం మంది విన్నారు.

పొద్దున షట్టరు ఎత్తింది నేనే. వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్ర చాలలేదేమో, పడుకోనీ అనుకున్నాను. ఎప్పటిలాగే బూడిద ఎత్తి పారేసి, వాకిలి ఊడ్చి, బల్లలు తుడిచి, అప్పుడు లేపాను. లేవలేదు.

పాల గ్లాసు వాడి తల దగ్గరే ఉంది. అడుగున తెల్లగా ఎండిపోయింది. మా ఆవిడ ముందు దాన్ని చూసింది, తరువాత కోడలిని చూసింది.

"ఏం కలిపావే?" అంది.

వాడు పోయాడన్న సంగతి ఆ అమ్మాయికి ఇంకా ఎక్కలేదు. వాడి కాలు పట్టుకుని ఊపుతూనే ఉంది.

మా బామ్మర్ది పాత టైర్ల వ్యాపారం చేస్తాడు. కానీ ఎవరింట్లో ఏ తగువు వచ్చినా లాయరు కంటే ముందు తను దిగుతాడు. కబురు తెలిసిన కాసేపటికే వచ్చాడు. గ్లాసు ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. పోలీసులకి చెప్పింది కూడా అతనే. మేనకోడలి పెళ్ళాం చేసిన పని అని ఒకసారి, మేనల్లుడి పెళ్ళాం అని ఇంకోసారి రాయించాడట. ఆ కంగారులో ఎవరికీ నవ్వు రాలేదు. పోలీసులు వచ్చి గ్లాసు తీసుకుని, మావాడిని ఆసుపత్రికి పట్టుకుపోయారు.

శవాల గది ఆసుపత్రికి వెనక వైపు. ముందు పొడుగాటి వసారా, రెండు సిమెంటు బల్లలు, చివర ఒక కుళాయి. ఒక బల్ల మీద మా ఆవిడ, బామ్మర్ది, మా కొట్టుకి ఎదురుగా ఉండే టైలరు కూర్చున్నారు. రెండో బల్ల మీద కోడలు ఒక్కతే, ఒళ్ళో పాపతో. ఆ అమ్మాయి ఎటూ పోకుండా పక్కనే ఒక పోలీసు నిలబడ్డాడు. నేను రెండు బల్లలకీ మధ్య స్తంభానికి ఆనుకున్నాను. ఎటూ కూర్చోలేదు.

"బావా, ఇటు రా. అక్కడ నిలబడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు బామ్మర్ది.

"ఏమీ అనుకోరు."

"నీ నోట్లోంచి మాట తీయాలంటే గునపం కావాలి. సరే, మాట్లాడేదంతా నేను చూసుకుంటా. నువ్వు తల ఊపు, అంతే."

"ఆయన తల ఊపడం కూడా కొలతల ప్రకారమే," అన్నాడు టైలరు. అనేసి, అనకుండా ఉండాల్సిందని నేల చూశాడు. అతను మంచివాడే. మావాడూ అతనూ రోజూ ఒకరి మీద ఒకరు జోకులు వేసుకునేవాళ్ళు. నువ్వు కుట్టిన చొక్కా ఎంత ఇస్త్రీ చేసినా నీ మొహంలాగే ఉంటుందిరా అని వీడు, నీ ఇస్త్రీ తట్టుకునే గుడ్డ ఇంకా నెయ్యలేదురా అని అతను.

బామ్మర్ది గొంతు పెంచాడు. రెండో బల్లకి వినబడాలని.

"పాలు తాగి పడుకున్నవాడు లేవలేదు. ఇంక అడగడానికేముంది? కడుపు కోస్తే అదే బయటపడుతుంది."

"ఇల్లు వేరు పెట్టాలంది. పెట్టింది," అంది మా ఆవిడ.

కోడలు మొదటిసారి తలెత్తింది. "అత్తయ్యా, ఆ గిన్నెలో మిగిలిన పాలే పాపకి పట్టాను. నేనూ తాగాను."

"గిన్నెలో ఎవరు కలుపుతారమ్మా? గ్లాసులో కలుపుతారు," అన్నాడు బామ్మర్ది. "మేం చెవుల్లో పూలు పెట్టుకుని కూర్చున్నామా?"

కోడలు నావైపు చూసింది. నేను పోలీసు చొక్కా చూస్తున్నాను. కుడి చేతి మడత మీద రెండు గీతలు పడ్డాయి. మొదటి గీత సరిగ్గా రాకపోతే నీళ్ళు చల్లి దాన్ని పూర్తిగా పోగొట్టాకే రెండోది వేయాలి. ఎవరు చేశారో గానీ నీళ్ళు చల్లలేదు. నేను ఆ రెండు గీతలనే చూస్తూ ఉండిపోయాను. కొడుకు లోపల ఉన్నాడు, కోడలిని జైల్లో పెడతారేమో, పాపని ఎవరు పెంచాలి, ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా ఏదీ నాదాకా రాలేదు. ఆ గీతలు మాత్రం బాగా కనిపించాయి.

లోపలి నుంచి ఒక పొడుగాటి మనిషి బాల్చీతో వచ్చాడు. శవాల గది తాళాలు అతని దగ్గరే ఉంటాయి. కుళాయి తిప్పి, బాల్చీ నిండేదాకా దానికేసే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకా ఎంతసేపయ్యా?" అని బామ్మర్ది అడిగాడు.

"లోపలున్నాయనకి తొందరేం లేదు. మీకేమైనా ఉందా?" అన్నాడతను. బాల్చీ ఎత్తుకుని వెళుతూ ఆగాడు. "తండ్రి ఎవరు? డాక్టరమ్మ రమ్మంటోంది."

బామ్మర్ది లేచాడు. "నేనూ వస్తా. ఆయనకి మాట్లాడటం రాదు."

"తండ్రి అన్నాను. బావమరిది అనలేదు."

డాక్టరమ్మ గది శవాల గదికి పక్కనే ఉంది. అక్కడ మావాడు లేడు. ఒక బల్ల, రెండు కుర్చీలు, చేతులు కడుక్కునే తొట్టి. ఆమె చేతులు కడుక్కుంటోంది. మోచేతుల దాకా సబ్బు రాసుకుంది. నా కూతురు ఉంటే ఆ వయసు ఉండేది. పెద్ద పోలీసాయన ఒక కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"కూర్చోండి పెద్దాయనా."

"పర్లేదమ్మా."

"కూర్చోండి. మీరు నిలబడితే నేను కూడా నిలబడాలి. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాను."

కూర్చున్నాను.

"మీ అబ్బాయి పడుకున్న గదిలో పొయ్యి ఏమైనా ఉందా? వీళ్ళు వెళ్ళి చూస్తే ఏమీ లేదన్నారు."

"పొయ్యి లేదమ్మా. కుంపటి."

పోలీసాయన నావైపు తిరిగాడు. "కుంపటా? మేం వచ్చినప్పుడు లేదే."

"పొద్దున బయట పెట్టాను. బూడిద ఎత్తి పారేశాను. రోజూ ముందు అదే చేస్తాను."

"అబ్బాయి చనిపోయి ఉంటే బూడిద ఎత్తారా?"

"నిద్రపోతున్నాడనుకున్నాను."

ఆయన ఇంకేదో అనబోయాడు. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, చెక్క స్టాండులో పెట్టిన రెండు గాజు గొట్టాలు తెచ్చి నా ముందు ఉంచింది. ఒకదాంట్లో నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయి. రెండోదాంట్లో ఎర్రగా, లేత ఎరుపు.

"ఈ రెండిట్లోనూ రక్తం చుక్కలే. నీళ్ళలో కలిపి, ఒకటే మందు పోశాను. మామూలు రక్తమైతే ఇలా మట్టిరంగుకి తిరుగుతుంది. ఇది మీ అబ్బాయిది. తిరగలేదు."

నేను చూశాను. ఆ ఎరుపు వాడి బుగ్గల రంగే.

"మొదట ఒంటి రంగు చూసే నాకు అనుమానం వచ్చింది. లోపల కండలూ అలాగే ఉన్నాయి, రక్తమూ అలాగే ఉంది. మూసిన గదిలో బొగ్గు కాలితే ఒక గాలి పుడుతుంది పెద్దాయనా. అది రక్తాన్ని పట్టుకుని వదలదు. మనం పీల్చే మంచిగాలికి ఇంక చోటుండదు. మనిషి అలా పడుకునే పోతాడు."

"పొగ లేదమ్మా," అన్నాను.

ఆమె ఆగింది. నేను అంత గట్టిగా అనాలనుకోలేదు.

మా పనిలో పొగంటే భయం. బొగ్గు రాజుకునేటప్పుడు వచ్చే పొగ తెల్లగుడ్డకి తగిలితే పసుపు మరక పడుతుంది, ఇంక ఏ సబ్బుకీ పోదు. అందుకని పని అయ్యాక ఇస్త్రీ పెట్టెల్లో మిగిలిన బొగ్గులన్నీ కుంపట్లో పోసి, కొత్తవి నాలుగు వేసి, వీధిలో పెట్టి విసురుతాం. పొగంతా పోయి, నిప్పు మీద తెల్లగా నివురు పట్టాక అప్పుడు గుడ్డల కింద పెడతాం. పొగ పోయిన నిప్పు శుభ్రమైనదని మా లెక్క. మా నాన్న లెక్క కూడా అదే. గుడ్డకి మంచిదైతే మనిషికీ మంచిదే అనుకున్నాం. ఇదంతా ఆమెకి రెండు ముక్కల్లో చెప్పాను.

"మీరు భయపడాల్సింది ఆ పొగకి కాదు," అంది డాక్టరమ్మ. "ఇది కంటికి కనపడదు. వాసన కూడా ఉండదు. ముందు తలనొప్పి వస్తుంది. మీ అబ్బాయి ఈ మధ్య తల బరువుగా ఉందని ఏమైనా అన్నాడా?"

వానల్లో మా ఇంట్లో అందరికీ తలనొప్పే. ఏటా వస్తుంది. కుంపటి లోపలికి వచ్చిన దగ్గర్నుంచీ, వానలు వెళ్ళేదాకా. మేం దాన్ని వాన తలనొప్పి అంటాం. మా ఆవిడ తలకి గుడ్డ బిగించి కట్టుకుంటుంది. మావాడు వీధి చివరిదాకా నడిచి వచ్చి, నడిస్తే తగ్గుతుంది నాన్నా అనేవాడు.

"అన్నాడు," అన్నాను.

"షట్టరు కింద సందు ఉంటుంది కదా, గాలి రాదా?" అని పోలీసాయన అడిగాడు.

"గుడ్డలు కుక్కి ఉన్నాయి. వాననీళ్ళు రాకుండా. పొద్దున వాటిని లాగితే గాని షట్టరు లేవలేదు."

"ఎవరు కుక్కారు? కుంపటి ఎవరు పెట్టారు?"

"ఇంట్లో అందరం పెడతాం."

"నిన్న ఎవరు పెట్టారు?"

గొట్టంలో ఎరుపు అలాగే ఉంది.

"మా ఆవిడ."

పోలీసాయన డాక్టరమ్మ వైపు చూశాడు.

"ఆవిడకి తెలీదు. నాకూ తెలీదు," అన్నాను.

"నాకు అర్థమైంది," అన్నాడు పోలీసాయన. గొంతు తగ్గించాడు.

"పాలలో ఏమీ లేదామ్మా?" అని అడిగాను.

"గ్లాసూ, కడుపులోదీ పరీక్షకి పంపించాను. పంపించడం పద్ధతి. కానీ విషం అనడానికి నాకు ఒక్క గుర్తూ కనబడలేదు. చావుకి కారణం ఇదే. ప్రమాదం అని రాస్తాను." ఆమె గొట్టాలు వెనక్కి తీసుకుంది. "నొప్పి పడలేదు పెద్దాయనా. నిద్రలోనే."

నేను తల ఊపాను.

"బయట మీ బామ్మర్ది ఇంకా విషం విషం అంటున్నాడు," అన్నాడు పోలీసాయన. "నా మనిషిని ఇప్పుడే తీసేస్తాను. అమ్మాయిని మేమేం చెయ్యం. కానీ కారణం తెలియకపోతే మీవాళ్ళ నోళ్ళు ఆగవు. నేను చెప్పనా? బొగ్గు గాలి అని చెప్పి ఊరుకుంటాను. ఎవరు పెట్టారన్నది ఎత్తను."

కారణం విషం కాదని కోడలికి తెలియాలి. బొగ్గని చెబితే, ఎవరు పెట్టారన్నది మా ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పకపోతే మా ఆవిడ బతికినంతకాలం కోడలే చంపిందంటుంది. పాప పెద్దదయ్యాక దానికీ చెబుతుంది. రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను. ఏదీ బరువు అనిపించలేదు. నా చేతులు వేరేవాళ్ళవిలా ఉన్నాయి.

"నేనే చెప్తాను," అన్నాను.

వసారాలోకి వచ్చేసరికి బామ్మర్ది ఎదురొచ్చాడు.

"ఏమన్నారు? దొరికిందా?"

నేను అతన్ని దాటి వెళ్ళి మా ఆవిడ ముందు నిలబడ్డాను. నిలబడి చెప్పడం బాగాలేదని కింద కూర్చున్నాను. నేల తడిగా ఉంది.

"పాలు కాదే," అన్నాను. "కోడలు ఏమీ చెయ్యలేదు."

"మరి?"

"బొగ్గు. గదిలో గాలి ఆడలేదు. దానివల్ల పోయాడు."

"బొగ్గుకి మనిషి చస్తాడా?" అన్నాడు బామ్మర్ది. "అలా అయితే మీ వంశమంతా ఎప్పుడో పోవాలి. బావా, నిన్ను ఏదో చెప్పి పంపించారు. నువ్వు తల ఊపేసి వచ్చావు."

"నువ్వు ఊరుకో."

నలభై ఏళ్ళలో ఆ మాట అతనితో అనలేదు. అతను ఊరుకున్నాడు.

మా ఆవిడ నన్నే చూస్తోంది. "పొగ లేదుగా," అంది.

"లేదు."

"నేను చూశానుగా. వీధిలో గొడుగు పట్టుకుని విసిరాను. మొత్తం పోయిందాకా లోపల పెట్టలేదు. వాడే అన్నాడు, చాల్లే అమ్మా, తడుస్తున్నావు, లోపల పెట్టు అని. అయినా పెట్టలేదు. ఇంకా కొంచెం ఉంది, ఆగరా అన్నాను."

"తెలుసు."

"మరి?"

"పొగ లేకపోయినా చంపుతుందట. కనపడదట."

మా ఆవిడ నోరు కొంచెం తెరుచుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చీర కొంగు కొస తీసుకుని మడతలు పెట్టడం మొదలుపెట్టింది. నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో అదిమి, విప్పి, మళ్ళీ పెట్టింది.

"గుడ్డలు కూడా బయటి నుంచి నేనే కుక్కాను," అంది. "రెండు చాలకపోతే ఇంకోటి చింపి కుక్కాను. దుప్పట్లకి మట్టి నీళ్ళు తగులుతాయని."

"ఊ."

అక్కడ ఇంకేదైనా అనాలి. మిగతావాళ్ళకైతే వచ్చేది. నేను ఆమె పాదాల పక్కన నేల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. బామ్మర్ది కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. టైలరు లేచి, అతని వెనకే వెళ్ళి కుళాయి కట్టేశాడు.

రెండో బల్ల దగ్గర పోలీసుకి లోపలి నుంచి కబురు వచ్చింది. అతను కోడలితో, "మీరు వెళ్ళొచ్చమ్మా," అన్నాడు.

"ఎక్కడికి?" అంది కోడలు.

అతను టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

నేను లేచి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మేం మాట్లాడుకున్నదంతా విన్నది. పాప నిద్రపోతోంది. నోట్లోంచి కారిన తడి తల్లి జాకెట్టు మీద మరకై ఉంది.

"ఇంక నిన్ను ఎవరూ ఏమీ అడగరమ్మా," అన్నాను.

"పొద్దుటి నుంచీ మీరు ఒక్క మాటా అనలేదు మామయ్యా."

"లేదు."

"మీరూ అనుకున్నారా?"

"అనుకోలేదు."

"కాదని కూడా అనలేదు."

"అనలేదు."

ఆ అమ్మాయి తల ఊపింది. కోపం కూడా లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

"మా అమ్మ వాళ్ళింటికి వెళ్తాను. ఈ పని అయ్యాక."

"సరే."

"పాపని తీసుకెళ్తాను."

"సరే అమ్మా."

తాళాలాయన తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. తడి చేతులు తొడలకి రాసుకున్నాడు. "అయిపోయింది. బట్టలు తొడగాలి. ఇద్దరు రండి. బట్టలేవి?"

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కొట్టు నిండా అందరి చొక్కాలూ మడతలు పెట్టి ఉన్నాయి. మావాడికని ఎవరూ ఒకటి తేలేదు. టైలరు, నేను పరిగెత్తి తెస్తాను అన్నాడు.

"నా దగ్గరున్నాయి," అంది కోడలు.

పాప సంచిలోంచి ఒక చొక్కా, ప్యాంటు తీసింది. పోలీసులు ఇంటికి వచ్చినప్పుడు, ఇల్లంతా అరుస్తున్నప్పుడు, ఎప్పుడు పెట్టుకుందో తెలియదు. పాలసీసా పక్కన, పాప గుడ్డల కింద, నలగకుండా పెట్టుకుంది.

రెండు చేతులూ కావాలి. పాపని ఎవరికైనా ఇవ్వాలి. నేను చేతులు చాపాను. కోడలు నాకివ్వలేదు. మీరు లోపలికి రావాలి కదా అంది. నడుచుకుంటూ మొదటి బల్ల దగ్గరికి వెళ్ళింది. బామ్మర్ది పక్కకి తప్పుకున్నాడు.

మా ఆవిడ కొంగు మడత పెడుతూనే ఉంది. తలెత్తలేదు.

"అత్తయ్యా, పట్టుకోండి."

మా ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. రెండూ ఒంటికి దాచుకున్నట్టు పెట్టుకుంది. "నాకొద్దు. నాకివ్వకు," అంది.

కోడలు ఒక నిమిషం నిలబడింది. తరువాత వంగి పాపని ఆమె ఒళ్ళో పడుకోబెట్టింది. తల జారబోయింది. మా ఆవిడ చెయ్యి వచ్చి తల కింద పట్టింది. రెండో చెయ్యి కూడా వచ్చింది.

"లేస్తే ఏడుస్తుంది. సీసాలో పాలున్నాయి," అంది కోడలు.

చొక్కా మడత విప్పి భుజం మీద వేసుకుని తలుపువైపు నడిచింది. తాళాలాయన తప్పుకుని దారి ఇచ్చాడు. నేను వెనకే వెళ్ళాను.